నాలుగేళ్ళవాడికి పేరు కుట్టిన చేసంచి: కొలత తప్పింది, హ్యాండిల్ ఊడింది, పేరు చెరిగింది

బెజవాడ_అమ్మడు
మావాడికి జూన్‌లో నాలుగు నిండాయి. బడిలో మామూలు బ్యాగు కాకుండా ఒక గుడ్డ సంచి కూడా పంపమన్నారు. ఒక జత బట్టలు, చిన్న తువ్వాలు, నీళ్ళ సీసా పెట్టడానికట. కొనేస్తే అయిపోయేది. కానీ పెళ్ళప్పుడు అమ్మ ఇచ్చిన కుట్టుమిషను మూడేళ్ళుగా అట్టపెట్టెలు మోసుకుంటూ మూలన నిలబడి ఉంది. దాన్ని చూస్తే జాలేసి, నేనే కుడతానని చెప్పేశాను.

ఒక వీడియో చూసి కాన్వాస్ గుడ్డ తెచ్చి 15 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, 24 అంగుళాల హ్యాండిల్స్‌తో కుట్టాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. వాడి భుజానికి తగిలించాక తెలిసింది అసలు సంగతి. భుజం మీద నిలవదు, జారి మోచేతిలోకి వస్తుంది, అక్కణ్ణుంచి నేల మీదికి. ఈడ్చుకుంటూ పోతున్నాడు. రెండో రోజుకే అడుగు మూల అరిగి తెల్లబడింది. మూడో రోజు ఒక హ్యాండిల్ దారంతో సహా ఊడొచ్చింది. నాలుగో రోజు ఉతికితే, ఫ్యాబ్రిక్ పెయింట్‌తో రాసిన పేరులో సగం బకెట్లో తేలింది.

వాడికి సరిపోయే కొలత ఎంత? హ్యాండిల్ ఊడకుండా ఎలా కుట్టాలి? ఈసారి పేరు కూడా కుట్టుతోనే, తెలుగులోనే వెయ్యాలని ఉంది. పేరు ఇక్కడ చెప్పను గానీ క్షతో మొదలవుతుంది, చివర పొల్లు ఉంది. నవ్వకండి.

సూదిదారం68
16 అంగుళాల సంచి నాలుగేళ్ళవాడికా! అందులో బట్టలు కాదమ్మా, వాణ్ణే పెట్టి పంపొచ్చు.

గోదారిగట్టు
మా పాప నిజంగానే దూరింది. నడుం దాకా సంచి ఎక్కించుకుని మెట్ల మీద గెంతింది. రెండో మెట్టు దాకా.

పేరులేనిపక్షి
టోట్ బ్యాగ్ అని ఇప్పుడంటున్నారు గానీ ఇది చేసంచే కదండీ. మా తాతయ్య అందులో వక్కపొడి డబ్బా, పంచాంగం, రేషన్ కార్డు పెట్టుకుని నలభై ఏళ్ళు తిరిగాడు. పేరు ఎవరూ కుట్టలేదు, ఎరువుల కొట్టు పేరు ముందే అచ్చేసి ఉండేది.

గుంటూరు_మేష్ట్రు
అమ్మా, వీడియోలో చెప్పింది పెద్దవాళ్ళ కొలత. పిల్లల చొక్కా కుట్టేటప్పుడు పెద్దవాళ్ళ చొక్కాని సగానికి మడిచి కత్తిరించం కదా, సంచి అయినా అంతే. ముందు మనిషి కొలత, తర్వాతే గుడ్డ.

బాబును గోడకి ఆనించి నిలబెట్టు. చెప్పులు వద్దు. చెయ్యి వదులుగా కిందికి వదిలి పిడికిలి బిగించమను. పిడికిలి నుంచి నేల దాకా టేపు పెట్టు. ఆ కొలతలోంచి మూడంగుళాలు తీసెయ్. మిగిలిన దాంట్లోనే సంచి ఎత్తూ, హ్యాండిల్ వేలాడే ఎత్తూ రెండూ ఇమడాలి. ఆ మూడంగుళాలు ఎందుకంటే మెట్లెక్కేటప్పుడు సంచి కొట్టుకోకూడదు, ఎండాకాలానికి కాస్త సాగినా నేల తగలకూడదు.

భుజానికి వేసుకునే పొడుగు హ్యాండిల్ ఈ వయసుకి వద్దు. పిల్లల భుజాలు ఏటవాలుగా ఉంటాయి, ఏదీ ఆగదు. చేత్తో పట్టుకునేది కుట్టు. నేను ముప్ఫై ఏళ్ళుగా మిషను మీద ఉన్నాను, మా మనవలు ముగ్గురికీ ఇదే లెక్క.

బెజవాడ_అమ్మడు
కొలిచాను మేష్ట్రు గారూ. నిలబెట్టడానికే పావుగంట పట్టింది, పిడికిలి బిగించమంటే నన్ను గుద్దాడు. ఎత్తు 40 అంగుళాలు, పిడికిలి నుంచి నేలకి 16.

గుంటూరు_మేష్ట్రు
అయితే 13 మన చేతిలో ఉన్నాయి. సంచి 9, హ్యాండిల్ 4.

కుట్టాక సంచి 10 వెడల్పు, 9 ఎత్తు, అడుగు (అంటే సంచి కింది భాగం) వెడల్పు 3 రావాలి. దీనికి రెండు ముక్కలు ఒక్కొక్కటి 14 వెడల్పు, 13 ఎత్తు కత్తిరించు. వెడల్పులో 10 సంచికి, 3 అడుగుకి, మిగిలిన 1 రెండు పక్కల కుట్లలోకి పోతుంది. ఎత్తులో 9 సంచికి, ఒకటిన్నర అడుగుకి, అర కింది కుట్టుకి, పైన మడతకి 2. పై మడత ముందు అర అంగుళం లోపలికి, మళ్ళీ ఒకటిన్నర.

హ్యాండిల్స్‌కి 4 వెడల్పు, 12 పొడవు ముక్కలు రెండు. నాలుగు మడతలు వేస్తే అంగుళం పట్టీ వస్తుంది. రెండు కొసలూ ఒకటిన్నర చొప్పున మడతలోకి దిగితే బయట 9 మిగులుతుంది. ఒక హ్యాండిల్ రెండు కాళ్ళ మధ్య నాలుగున్నర అంగుళాలు వదిలితే, పట్టుకున్నప్పుడు దాదాపు నాలుగు వేలాడుతుంది.

గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 36 అంగుళాలు అయితే అర మీటరు సరిపోతుంది. రెండు ముక్కలూ పక్కపక్కన వస్తాయి, కింద మిగిలిన పట్టీలో హ్యాండిల్స్ వస్తాయి.

అంకెలపిచ్చి
లెక్క బాగుంది కానీ అడుగు దగ్గర ఒక అనుమానం. 3 అంగుళాల అడుగు కావాలంటే మూల కొస నుంచి 3 అంగుళాలు కొలిచి అడ్డంగా కుట్టాలి కదా? మీరేమో ఎత్తులో ఒకటిన్నరే వదిలారు.

గుంటూరు_మేష్ట్రు
కొస నుంచి ఒకటిన్నరే బాబూ. కాగితం సంచి ఒకటి తీసుకుని మూల చేసి చూడు.

అంకెలపిచ్చి
చూశాను. పక్క కుట్టు మీద అడుగు కుట్టు పెట్టి మూలని త్రికోణంలా లాగితే, కొస నుంచి ఒకటిన్నర దగ్గర అడ్డగీత 3 అంగుళాలు వస్తోంది. కొస దగ్గర లంబకోణం కదా, అడ్డగీత ఎత్తుకి రెట్టింపు. నేను చెప్పినట్టు కుడితే అడుగు 6 అంగుళాలు అయ్యేది. ఇంజినీరింగ్ చదివి మిఠాయి కొట్టు సంచితో నేర్చుకున్నాను.

సూదిదారం68
ఆ త్రికోణాలు కత్తిరించి పారెయ్యకు అమ్మడూ. లోపలే అడుగు వైపు మడిచి ఒక కుట్టు వెయ్యి. అరిగేది ఎప్పుడూ మూలలే, అక్కడ గుడ్డ రెండు పొరలయితే ఇంకో ఏడాది బతుకుతుంది.

డల్లాస్_పెరుగన్నం
అర మీటరు అన్నారు కానీ కత్తిరించే ముందు గుడ్డ ఒకసారి తడపండి. కాన్వాస్, ఖద్దరు, మ్యాటీ ఏదైనా మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. నేను తడపకుండా కుట్టి, పైగా డ్రయ్యర్లో వేశాను. బయటి గుడ్డ కుదించుకుంది, పాలిస్టర్ లైనింగ్ కుదించుకోలేదు. సంచి లోపల్నుంచి లైనింగ్ నాలుక బయట పెట్టినట్టు వచ్చింది. మా అమ్మాయి మాత్రం సంచి నన్ను వెక్కిరిస్తోందని తెగ సంబరపడిపోయింది.

రాత్రి మామూలు నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు గీయండి.

ఓరుగల్లు_చెల్లె
కొత్త గుడ్డ ఎందుకక్కా, ఇంట్లో పాత జీన్స్ లేవా? మా ఆయనది ఒకటి మోకాళ్ళ దగ్గర పోయింది. తొడ భాగం నుంచి మా చిన్నోనికి సంచి కుట్టిన. వెనక జేబు అట్లనే ఉంచితే వానికి మస్తు ఖుషీ, అండ్ల రాళ్ళు దాచుకుంటడు. ఒక్కటే బాధ, హ్యాండిల్ దగ్గర మడతల మీదికి వచ్చేసరికి సూదులు టక్కుటక్కున విరిగినయ్. మూడు.

గుంటూరు_మేష్ట్రు
ఏ నంబరు సూది పెట్టావు చెల్లెమ్మా? జాకెట్టు కుట్టే 14 అయితే విరుగుతుంది. జీన్స్‌కి, కాన్వాస్‌కి 16 పెట్టాలి. మరీ మందం అయితే 18. కుట్టు కూడా కాస్త పొడుగు చేసుకోవాలి.

మడతల గుట్ట దగ్గరికి రాగానే కాలు ఆపేసి చేత్తో చక్రం తిప్పు. ఒక్కొక్క పోటు. దానికి ముందు ఆ మడతని రోకలితోనో సుత్తితోనో గుడ్డ కప్పి రెండు దెబ్బలు వెయ్యి, అణిగిపోతుంది. గుడ్డని అదిమి పట్టే ఫుట్ వెనక్కి వాలితే, వెనక వైపు అంతే మందం గుడ్డ ముక్క మడిచి పెడితే సమంగా నిలుస్తుంది. అలా నిలవకే సూది పక్కకి వంగి కింది ప్లేటుకి తగిలి విరిగేది.

ఓరుగల్లు_చెల్లె
14 పెట్టిన. రోకలి సంగతి ఇప్పుడే తెల్సింది. మిషను పక్కన రోకలి పెట్టుకుంటే మా అత్త ఏమనుకుంటదో.

గోదారిగట్టు
హ్యాండిల్‌కి అంత కష్టం ఎందుకు? నవారు వాడండి. నవారు మంచానికి అల్లే పట్టీయే. మా ఊళ్ళో పరుపులు కుట్టే కొట్టు దగ్గర మీటర్లలెక్కన ఇస్తారు. మడత పెట్టక్కర్లేదు, సాగదు, చెయ్యి కొయ్యదు. కొసలు మాత్రం పోగులు ఊడతాయి, లోపలికి ఒకసారి మడవాలి. నైలాన్ పట్టీ అయితే కొసని కొవ్వొత్తి మంట దగ్గర పెడితే అంటుకుపోతుంది. నూలు నవారుని అలా కాల్చబోకండి, మా ఆయన కాల్చాడు.

పేరులేనిపక్షి
ఆ వాక్యం అక్కడ ఆపేస్తే ఎలాగండీ, ఏమైంది?

గోదారిగట్టు
కొత్త నవారు కొన్నాం.

సూదిదారం68
అసలు హ్యాండిల్ ఎందుకు ఊడిందో ఎవరూ చెప్పలేదు. అమ్మడూ, నువ్వు అంచు మీద అడ్డంగా ఒకే గీత మీద ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు కుట్టి ఉంటావు, గట్టిగా ఉంటుందని. అవునా? అలా కుడితే గుడ్డలో తపాలా బిళ్ళ చిల్లుల్లా వరస పడుతుంది, అక్కడే చిరుగుతుంది. ఎన్నిసార్లు కుట్టామన్నది కాదు, బరువు ఎంత మేర పంచుకుందన్నది చూడాలి.

హ్యాండిల్ కొస పై మడతలోకి దిగాక ఆ ఒకటిన్నర అంగుళం మేరా ఒక పెట్టెలా చుట్టూ కుట్టు, తర్వాత పెట్టె లోపల మూల నుంచి మూలకి గుణకారం గుర్తు వెయ్యి. బజారు సంచులన్నిటికీ ఉంటుంది చూడు. దారం పాలిస్టర్‌ది పెట్టు, నూలు దారం ఎండకీ తడికీ తొందరగా చివికిపోతుంది.

బెజవాడ_అమ్మడు
మీరెక్కణ్ణుంచో చూస్తున్నారా ఏంటండీ? నాలుగైదు కాదు, తొమ్మిదిసార్లు కుట్టాను.

రైల్వేకాలనీ_నాన్న
నేను ఒకటి చెప్పనా? 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలో ప్రీప్రైమరీ పిల్లలకి అసలు బ్యాగే వద్దన్నారు. పెద్ద తరగతులకైనా బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదన్నారు. మీరేమో ఒకటి చాలక రెండోది కుడుతున్నారు.

బెజవాడ_అమ్మడు
అది బడి వాళ్ళకి చెప్పండి బాబాయ్ గారూ. మావాడు 15 కిలోలు. అంటే కిలోన్నర. నీళ్ళ సీసాకే అర కిలో పోయింది.

అంకెలపిచ్చి
అందుకే మందపు కాన్వాస్ వద్దు. 8 ఔన్సుల కాన్వాస్ అంటే చదరపు మీటరుకి సుమారు 270 గ్రాములు. 12 ఔన్సులది 400 దాటుతుంది. చిన్న సంచికి 8 చాలు, మిషనూ ఏడవదు.

పెడన_అద్దకం
కలంకారీ గుడ్డతో చెయ్యండి, అందంగా ఉంటుంది. కానీ పల్చటి నూలు గుడ్డ, దానంతట అది నిలబడదు. లోపల మందపు లైనింగ్ వెయ్యండి, లేదా కాలరుకి వాడే బక్రం అంటించండి. రంగు గుడ్డ ఏదైనా మొదటి రెండుసార్లు విడిగా ఉతకాలి. తెల్ల యూనిఫాంతో కలిపి నానబెడితే నన్ను తిట్టకండి.

డల్లాస్_పెరుగన్నం
ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు పోదు కదా? మా అమ్మ అలాగే చేసేది.

పెడన_అద్దకం
అందరి అమ్మలూ అలాగే చేసేవాళ్ళు. ఉప్పు పనిచేసేది రంగు వేసేటప్పుడు, రంగు దారాన్ని పట్టుకోవడానికి. వేసేసిన రంగుని తర్వాత ఇంట్లో ఉప్పేసి ఆపలేం. తెల్ల గుడ్డ ముక్క తడిపి ఒక మూల గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఇంకోసారి ఉతకండి, అంటకపోతే కుట్టుకోండి.

సూదిదారం68
మా అమ్మ ఉప్పు వేసిన చీరలు ఇప్పటికీ వెలవలేదు.

పెడన_అద్దకం
చీరల గొప్పతనం అది, ఉప్పుది కాదు.

బెజవాడ_అమ్మడు
గుడ్డ తడిపి ఆరేశాను. పేరు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. క్ష చూసి భయపడ్డారా?

ఓరుగల్లు_చెల్లె
నామకరణం నాడే కుట్టుపని గురించి ఆలోచించాలె అక్కా. మా వాని పేరు రవి. పదినిమిషాల్ల అయిపోయింది.

చీరాల_సావిడి
ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. పేరు సంగతి చూసి ఆగలేక వచ్చాను.

ముందు పెయింట్ గురించి. ఫ్యాబ్రిక్ పెయింట్ పూర్తిగా ఆరాక గుడ్డని తిరగేసి ఇస్త్రీ పెట్టాలి. ఆ వేడికే రంగు దారంలో కుదురుకుంటుంది. మీరు పెట్టి ఉండరు.

ఇక కుట్టు. తెలుగు అక్షరానికి గొలుసు కుట్టంత ఒదిగేది ఇంకోటి లేదు. మన అక్షరాలన్నీ గుండ్రటివి. తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు ఆకు చిరగకుండా అలా గుండ్రబడ్డాయని అంటారు. గొలుసు కుట్టు కూడా చిన్న చిన్న లంకెలుగా పోతుంది కాబట్టి వంపు ఎంత ఉన్నా తిరుగుతుంది. వంపు దగ్గర లంకె పొట్టిది చేయండి, అంతే. ఆరు పోగుల దారంలో మూడు పోగులు తీసుకుంటే గీత దిట్టంగా వస్తుంది.

క్షకి ఒక కిటుకు చెప్తాను. మనం రాసే వరసలోనే కుట్టకండి. ముందు క భాగం ఒక దారంతో మొదలు నుంచి చివరిదాకా, ముడి వేసి దారం తెంపి, తర్వాత కింది భాగం, గుడి ఉంటే అది ఆఖరున. దారం తెంపకుండా వెనక నుంచి లాక్కుపోతే లేత రంగు గుడ్డ మీద వెనక పోగు ముందుకి నీడలా కనబడుతుంది, పైగా పిల్లల వేళ్ళు అందులో ఇరుక్కుంటాయి. పొల్లు మర్చిపోకండి, పొల్లు లేకపోతే పేరు మారిపోతుంది.

బెజవాడ_అమ్మడు
అక్కా, మీరిన్నాళ్ళూ ఎక్కడున్నారు?

డల్లాస్_పెరుగన్నం
చేతి కుట్టు ఓపిక లేకపోతే గుడ్డ అక్షరాలు కత్తిరించి అతికించి చుట్టూ కుట్టొచ్చు. ఇక్కడ ఇస్త్రీతో అంటుకునే ఇంగ్లీషు అక్షరాలే దొరుకుతాయి, తెలుగువి మనమే చేసుకోవాలి. రామభద్ర అని ఒక ఫాంటు ఉచితంగా దొరుకుతుంది, గీతలు లావుగా ఉంటాయి. రెండున్నర అంగుళాల ఎత్తులో అచ్చు తీసి, రెండు వైపులా అంటుకునే ఫ్యూజింగ్ కాగితం మీద దించి, రంగు గుడ్డకి అంటించి కత్తిరించండి. అక్షరం లోపలి చిన్న రంధ్రాలు కత్తిరించబోకండి, చిరిగిపోతాయి. అక్కడ ముదురు దారంతో ఒక చుక్క కుట్టేస్తే రంధ్రంలాగే కనబడుతుంది.

పక్కలు కలపకముందే, గుడ్డ పరుపుగా ఉన్నప్పుడే పేరు వెయ్యాలి. పైన 2 అంగుళాలు మడతకి, కింద 2 అడుగుకి పోతాయి, మధ్యలో 9 మాత్రమే కనబడుతుంది. అది మర్చిపోయి నేను వేస్తే మా అమ్మాయి పేరులో సగం సంచి అడుక్కి వెళ్ళింది. ఎత్తి చూస్తే చదవొచ్చు.

టెన్షన్_తాతయ్య
ఇంత కష్టపడి పేరు బయట కుడతారా? బడి గేటు దగ్గర ఎవడో వచ్చి పేరు పెట్టి పిలిస్తే నాలుగేళ్ళ పిల్లాడు తెలిసినవాళ్ళే అనుకుని వెళ్ళడూ? పేరు లోపల ఉండాలి. బయట బొమ్మ ఉండాలి.

రైల్వేకాలనీ_నాన్న
అంత భయమైతే ఎలాగండీ. వాళ్ళ ఐడీ కార్డు మెళ్ళో వేలాడుతూనే ఉంటుంది కదా, పేరుతో పాటు నాన్న ఫోన్ నంబరు కూడా.

టెన్షన్_తాతయ్య
అదీ తప్పే. బడి దాటగానే చొక్కా లోపలికి తోసెయ్యమని మా కోడలికి రోజూ చెప్తాను. రోజూ వినదు.

చీరాల_సావిడి
తాతయ్య గారి మాటలో పాయింటు ఉందండీ. నాలుగేళ్ళవాడికి చదవడం రాదు కాబట్టి తన సంచిని పేరు చూసి కాదు, బొమ్మ చూసి గుర్తుపడతాడు. పేరు కావలసింది ఆయాకీ టీచర్‌కీ. వాళ్ళు సంచి తెరిచి చూసుకుంటారు.

గోదారిగట్టు
బొమ్మ అంటే గుర్తొచ్చింది, అద్దాలు, పూసలు, గుండీలతో కళ్ళు, ఇవేవీ వద్దు. లంబాడీ కుట్టు అద్దాలు నాకు ప్రాణం, కానీ ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే వద్దు. మా పాప సంచి మీది ఏనుగు కన్ను ఊడబెరికి వాళ్ళ తమ్ముడి నోట్లో పెట్టింది. వేలు పెట్టి తీశాం. కళ్ళు దారంతో కుట్టండి చాలు.

ఓరుగల్లు_చెల్లె
మెడల నుంచి అడ్డంగ వేసుకునే పొడుగు పట్టీ పెడితే మంచిదేమో? చేతులు ఖాళీగుంటయ్ కదా.

గోదారిగట్టు
ఆ పొరపాటు చెయ్యకు చెల్లెమ్మా. జారుడుబల్ల ఎక్కినప్పుడు పట్టీ పై కమ్మీకి తగులుకుంటే మెడకి బిగుస్తుంది. చేతిలో సంచి అయితే తగులుకున్నా చెయ్యి వదిలేస్తారు.

బెజవాడ_అమ్మడు
నిన్న రాత్రి పదకొండుకి కూర్చున్నాను. గొలుసు కుట్టు ఈ వారంలో తేలదనిపించి డల్లాస్ గారి పద్ధతిలో అక్షరాలు చేశాను. అచ్చు తీశాను, ఫ్యూజింగ్ కాగితం మీద దించాను, ఎర్ర గుడ్డకి అంటించాను, నెయిల్ కట్టర్ పక్కనుండే చిన్న కత్తెరతో ప్రాణం పెట్టి కత్తిరించాను. క్ష ఒక్కదానికే నలభై నిమిషాలు. కాగితం ఒలిచి సంచి ముక్క మీద పెట్టి చూస్తే అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

డల్లాస్_పెరుగన్నం
అయ్యో, కాగితం మీద అక్షరాల్ని అద్దంలోలా తిరగేసి గీయాలని చెప్పడం మర్చిపోయాను! అంటించేది వెనక వైపు కాబట్టి బొమ్మ తారుమారవుతుంది. క్షమించండి.

పేరులేనిపక్షి
క్షమించండి అనే మాటలో క్ష ఉంది, గమనించారా?

సూదిదారం68
ఆంబులెన్స్ మీద రాస్తారే, అలా అనుకో అమ్మడూ. ముందు వెళ్ళే పిల్లాడు అద్దంలో చూసి దారిస్తాడు.

చీరాల_సావిడి
పారెయ్యకండి. ఎర్ర గుడ్డకి రెండు ముఖాలూ ఒకే రంగు అయితే, ఇంకో ఫ్యూజింగ్ ముక్క ఇప్పటి ముఖం మీద అంటించి తిరగేసి వాడుకోవచ్చు.

బెజవాడ_అమ్మడు
అచ్చు గుడ్డ అక్కా. వెనక తెల్లగా ఉంది. ఇప్పుడు కాసేపు మిషను మీద మళ్ళీ అట్టపెట్టెలు పెట్టేశాను.

గుంటూరు_మేష్ట్రు
నిద్రపోమ్మా. రాత్రి పదకొండు తర్వాత కత్తెర పట్టుకోకూడదు. మా కొట్టులో పెళ్ళి కోటు ఎడమ చెయ్యి రెండుసార్లు కత్తిరించింది అలాంటి వేళే. రెండు ఎడమ చేతులు, కుడి చెయ్యి లేదు.

బెజవాడ_అమ్మడు
ఆదివారం అయిపోయింది, సంచీ అయిపోయింది.

వాణ్ణే అడిగాను, నీ సంచి మీద ఏం బొమ్మ కావాలని. ఏనుగో నెమలో అంటాడనుకున్నా. జేసీబీ అన్నాడు. మా వీధిలో డ్రైనేజీ పని రెండు నెలలుగా నడుస్తోంది, వాడు తినేది దాన్ని చూస్తూనే. పసుపు గుడ్డ లేదు. మా పెళ్ళిలో పసుపు బట్టల జాకెట్టు ముక్క ఒకటి మిగిలి ఉంటే తీశాను. ఒళ్ళు పసుపు, చక్రాలు పాత జీన్స్ నుంచి, తొట్టి ముదురు నీలం. చక్రాల చుట్టూ తిప్పేటప్పుడు ప్రతి నాలుగు కుట్లకీ సూది గుడ్డలో దించి, ఫుట్ ఎత్తి, గుడ్డ కాస్త తిప్పి, మళ్ళీ దించి... గుండ్రం కాదు గానీ చక్రమని తెలుస్తుంది. గాజుల డబ్బా పెట్టి గీసుంటే బాగుండేది.

పేరు లోపల, పై మడత కింద, తెల్ల నవారు ముక్క మీద గొలుసు కుట్టుతో వేశాను. అర అంగుళం అక్షరాలు. క్షకి మూడుసార్లు విప్పాను. పొల్లు ఉంది.

హ్యాండిల్స్‌కి పెట్టె కుట్టు, గుణకారం. 16 నంబరు సూది ఒక్కటీ విరగలేదు. రోకలి వాడాను.

టెన్షన్_తాతయ్య
పేరు లోపల పెట్టావు. చల్లగా ఉండు తల్లీ.

చీరాల_సావిడి
మూడుసార్లు విప్పి కుట్టావంటే ఇక నీకు చెయ్యి వచ్చేసినట్టే. వాడేమన్నాడు?

బెజవాడ_అమ్మడు
జేసీబీ తొట్టి కిందికి ఎందుకు దిగట్లేదు అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయల బుట్ట మొత్తం అందులో పోసుకుని హాల్లో దింపాడు. మళ్ళీ ఎత్తి వంటింట్లో దింపాడు. నేల మాత్రం తగల్లేదు మేష్ట్రు గారూ, మూడంగుళాలు కచ్చితంగా ఉంది. ఉల్లిపొట్టు ఇల్లంతా.

గుంటూరు_మేష్ట్రు
కిలోన్నర దాటిందా చూశావా?

బెజవాడ_అమ్మడు
రెండు కిలోల ఉల్లిపాయలు. హ్యాండిల్ కదల్లేదు.

ఇంకో సమస్య వచ్చింది. మా అన్నయ్య కొడుకు చూసి తనకీ కావాలని ఏడుస్తున్నాడు. వాడికి రైలు కావాలట. పది అంగుళాల వెడల్పులో రైలుకి ఎన్ని చక్రాలు కుట్టాలి?

రైల్వేకాలనీ_నాన్న
నిజం రైలుకైతే ఒక్కో పెట్టెకీ ఎనిమిది చక్రాలు. చాలా ఇంజిన్లకి ఇంకా ఎక్కువ.

గుంటూరు_మేష్ట్రు
నాలుగు కుట్టమ్మా. మిగతావి ప్లాట్‌ఫాం చాటున ఉన్నాయని చెప్పు.